హెలికాప్టర్ బేరింగు పోతోందని వైబ్రేషన్‌లో ఎలా పట్టుకోవాలి

రైస్ మిల్లులో పాతకాలం మెకానిక్‌ని చూశారా ఎప్పుడైనా, స్క్రూడ్రైవర్ కొన మోటారు బేరింగ్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని కాసేపు విని "ఇంకో నెల లాగుద్ది, ఆ తర్వాత నా పూచీ లేదు" అని చెప్పేస్తాడు. హెలికాప్టర్ మీద మనం చేసేది కూడా అదే పని, స్క్రూడ్రైవర్ బదులు యాక్సిలరోమీటరు (కుదుపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే సెన్సరు), చెవి బదులు లాప్‌టాపు. కాకపోతే మిల్లులో మోగేది ఒక్క మోటారు, ఇక్కడ టర్బైన్లు, మెయిన్ గేర్‌బాక్సు, తోక దాకా పోయే షాఫ్టు, తోకలో గేర్‌బాక్సులు, రెండు రోటర్లు అన్నీ కలిసి ఒకే డొక్కుని పట్టుకుని వాయిస్తుంటాయి. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం హోరెత్తిపోతుంటే ఆ గుంపులో ఎవరి కాలి పట్టీకి ఒక మువ్వ ఊడిందో చప్పుడు బట్టి చెప్పమన్నట్టు ఉంటుంది. కష్టమే, కానీ పద్ధతి ఉంది, ఆ పద్ధతే చెప్తాను.

ఇది ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగు) చదివేవాళ్ళకి, మెకానికల్ చేసి వైబ్రేషన్ వైపు రావాలనుకునేవాళ్ళకి రాస్తున్నా. నిజం హెలికాప్టర్ మీద అయితే ఎగరొచ్చా వద్దా అనేది మెయింటెనెన్స్ మాన్యువల్ చెప్పాలి, సర్టిఫై చేసే ఇంజనీరు చెప్పాలి, నా పోస్టు చదివి ఎవరూ ఏ బోల్టూ విప్పకండి.

ముందు ఏది వెతుకుతున్నామో తెలియాలి

హెలికాప్టర్ వైబ్రేషన్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది సీటు ఊగడం, అంటే రోటర్ ఒక చుట్టుకి ఒకసారి వచ్చే కుదుపు. బ్లాక్‌హాక్ తీసుకోండి, మెయిన్ రోటర్ నిమిషానికి 258 చుట్లు, అంటే సెకనుకి 4.3, నాలుగు రెక్కలు కాబట్టి 4.3 దగ్గరా 17.2 హెర్ట్జ్ దగ్గరా పెద్ద పెద్ద పీకులు (గ్రాఫులో పైకి లేచే శిఖరాలు) ఉంటాయి. మనవైపు బాగా తిరిగే మి-17 అయితే 192 చుట్లు, అయిదు రెక్కలు, 3.2 ఇంకా 16 హెర్ట్జ్. ఇవి బేరింగ్ గొడవ కాదు, రెక్కల సంఖ్య దగ్గరిది ఏ రోటర్‌కైనా మామూలుగా ఉండేదే, చుట్టుకి ఒకసారి వచ్చేది రెక్కల బ్యాలెన్సు, ట్రాకింగు (రెక్కలన్నీ ఒకే దారిలో తిరగడం) గొడవ. పైలట్ వచ్చి "ఊగుతోంది" అన్నాడంటే తొంభై పాళ్ళు ఇదే అయ్యుంటుంది. బేరింగ్ పాడవడం మొదలైనప్పుడు పైలట్ ఒంటికి ఏమీ తెలియదు, ఆయనకి తెలిసిందంటే మనం లేటైపోయినట్టే.

రెండోది, హెలికాప్టర్లో బేరింగ్ అనే పేరున్న ప్రతిదీ గుండ్లతో తిరిగేది కాదు. ఇప్పటి రోటర్ హెడ్లలో రెక్క మొదట్లో చాలావాటికి ఎలాస్టోమెరిక్ బేరింగులుంటాయి, రబ్బరు పొర మెటల్ పొర ఒకదాని మీద ఒకటి అతికించిన ముద్ద అది, తిరగదు, అటూ ఇటూ మెలికపడుతుంది అంతే. దానికి గుండ్లు లేవు, రేసు (గుండ్లు దొర్లే వలయం) లేదు, కాబట్టి కింద నేను చెప్పబోయే ఫార్ములాలు ఒక్కటీ దానికి పనికిరావు. దాన్ని కంటితోనే చూడాలి, టార్చ్ లైట్ వేసి రబ్బరు చీలిందా, పొడిపొడిగా రాలుతోందా అని. ఇంటర్వ్యూల్లో కూడా ఈ ముక్క అడుగుతారు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మనం వైబ్రేషన్‌తో పట్టగలిగేవి ఏవంటే, తోక షాఫ్టుని మధ్యమధ్యలో మోసే హ్యాంగర్ బేరింగులు, గేర్‌బాక్సుల్లో షాఫ్టు బేరింగులు, ఆయిల్ కూలర్ ఫ్యాన్ బేరింగు, కాస్త కష్టం మీద స్వాష్‌ప్లేట్ (పైలట్ కంట్రోలుని తిరిగే రెక్కలకి అందించే పళ్ళెం) బేరింగు, చాలా కష్టం మీద ప్లానెట్ గేర్ (మధ్య గేరు చుట్టూ తిరిగే గేరు) లోపలి బేరింగు. ఈ వరస తేలిక నుంచి కష్టానికి రాశాను. నేర్చుకునేవాళ్ళు హ్యాంగర్ బేరింగుతో మొదలెట్టండి. అది గ్రీజుతో నడుస్తుంది, ఆయిల్‌లో ఉండదు, అంటే అందులోంచి పెచ్చు రాలినా చిప్ డిటెక్టర్‌కి (ఆయిల్‌లో కొట్టుకొచ్చే లోహపు ముక్కల్ని పట్టే మ్యాగ్నెట్‌కి) వచ్చి అంటుకునే దారే లేదు, కాబట్టి వైబ్రేషను, వేడి, ఈ రెండే దిక్కు. అపాచీలో ఆ తోక షాఫ్టు నిమిషానికి 4863 చుట్లు తిరుగుతుంది, సెకనుకి 81. (ఈ అపాచీకే మన ఆదిభట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీలో ఫ్యూజ్‌లాజ్‌లు తయారవుతాయి, అటు ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయేవాళ్ళలో ఎంతమందికి తెలుసో.) మెయిన్ రోటర్ కంటే ఎన్నో రెట్లు స్పీడు, అందుకే దెబ్బ తగిలితే గట్టిగా మోగుతుంది, పట్టుకోవడం సులువు.

లెక్క ఒకసారి చేతితో వేయండి

బేరింగ్ రేసు మీద పెచ్చు లేచిందనుకోండి, దాని మీదుగా గుండు పోయిన ప్రతిసారీ టక్ మంటుంది. సెకనుకి ఎన్ని టక్కులు అనేది పూర్తిగా లెక్కే, అదృష్టం ఏమీ లేదు. దీనికి కావాల్సినవి గుండ్ల సంఖ్య, గుండు వ్యాసం, పిచ్ వ్యాసం అంటే గుండ్ల మధ్యబిందువులు తిరిగే వలయం వ్యాసం, కాంటాక్ట్ యాంగిల్, రెండు రేసుల మధ్య స్పీడు తేడా.

గుండు వ్యాసాన్ని పిచ్ వ్యాసంతో భాగించి కాంటాక్ట్ యాంగిల్ కొసైన్‌తో గుణించండి, దాన్ని నిష్పత్తి అందాం. ఒకటిలోంచి ఆ నిష్పత్తి తీసేసి, గుండ్ల సంఖ్యలో సగంతో, తర్వాత షాఫ్టు స్పీడుతో గుణిస్తే బయటి రేసు ఫ్రీక్వెన్సీ, బీపీఎఫ్‌ఓ. తీసేయడం బదులు కలిపితే లోపలి రేసుది, బీపీఎఫ్ఐ. ఒకటిలోంచి నిష్పత్తి తీసేసి గుండ్ల సంఖ్య లేకుండా ఉత్త సగం షాఫ్టు స్పీడుతో గుణిస్తే కేజ్ (గుండ్లని ఎడంగా పట్టి ఉంచే చట్రం) తిరిగే స్పీడు, ఎఫ్‌టీఎఫ్. గుండు తన చుట్టూ తాను తిరిగేది బీఎస్ఎఫ్, పిచ్ వ్యాసాన్ని గుండు వ్యాసానికి రెట్టింపుతో భాగించి, షాఫ్టు స్పీడుతో గుణించి, దాన్ని ఒకటిలోంచి నిష్పత్తి వర్గం తీసేసిన దానితో గుణించడమే. గుండు మీద పెచ్చుంటే ఒక్క చుట్టులో లోపలి రేసుకోసారి బయటి రేసుకోసారి తగులుతుంది కాబట్టి బీఎస్ఎఫ్‌కి రెట్టింపు దగ్గర వెతకాలి, ఇది మర్చిపోయి సగం దగ్గర వెతుక్కునే వాళ్ళని చాలామందిని చూశా.

ఉదాహరణకి అందరి దగ్గరా దొరికే 6205 బేరింగే తీసుకుందాం. 9 గుండ్లు, గుండు 0.3126 అంగుళం, పిచ్ 1.537 అంగుళం, యాంగిల్ సున్నా. నిష్పత్తి 0.2034 వస్తుంది. బయటి రేసు షాఫ్టు స్పీడుకి 3.585 రెట్లు, లోపలి రేసు 5.415 రెట్లు, కేజ్ 0.398 రెట్లు, గుండు దెబ్బ 4.71 రెట్లు. షాఫ్టు 1797 ఆర్‌పీఎం అంటే 29.95 హెర్ట్జ్, కాబట్టి బయటి రేసు 107.4, లోపలిది 162.2, గుండు 141.2, కేజ్ 11.9 హెర్ట్జ్. బయటిదీ లోపలిదీ కూడితే గుండ్ల సంఖ్య తొమ్మిది రెట్లు రావాలి, వచ్చిందో లేదో చూస్కోండి, రాకపోతే ఎక్కడో తప్పేశారు. ఇదే బేరింగుని ఊరికే ఊహకి 81 హెర్ట్జ్ షాఫ్టు మీద పెడితే బయటి రేసు 290 దగ్గరికి, లోపలిది 439 దగ్గరికి పోతుంది.

ఇక్కడొక విషయం, లెక్కలో వచ్చిన నంబరు మీద కచ్చితంగా పీకు కూర్చోదు. గుండ్లు పూర్తిగా దొర్లవు, కాస్త జారతాయి, ఒక శాతం రెండు శాతం అటూ ఇటూ ఉంటుంది. ఈ జారుడే మనకి తర్వాత పెద్ద సాయం చేస్తుంది, గుర్తుపెట్టుకోండి.

చేయి తిరగడానికి డేటా

హెలికాప్టర్ డేటా ఎవడూ ఊరికే ఇవ్వడు. అందుకని ప్రపంచం అంతా నేర్చుకునేది అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ వాళ్ళు ఫ్రీగా పెట్టిన డేటా మీద. రెండు హార్స్‌పవర్ మోటారుకి ఇందాక చెప్పిన 6205 బేరింగే వేసి, రేసు మీద స్పార్కుతో 0.007 అంగుళం నుంచి గుంటలు చేసి రికార్డు చేశారు. 97 నంబరు ఫైలు మంచి బేరింగు, 105 లోపలి రేసు పాడైంది, 118 గుండు పాడైంది, 130 బయటి రేసు పాడైంది, ఈ నాలుగూ లోడు లేకుండా 1797 ఆర్‌పీఎం దగ్గరివే. పైథాన్‌లో సైపై ఉంటే చాలు, మ్యాట్‌ల్యాబ్ ఉన్నవాళ్ళకి ఇంకా హాయి. ముందు 105, 130 చేయండి, రెండూ మొదటి రోజే వచ్చేస్తాయి. 118 మీద మాత్రం మీకు ఏమీ కనపడకపోతే మీది తప్పనుకోకండి, గుండు పాడైన ఫైళ్ళు ఎంతో అనుభవం ఉన్నవాళ్ళనే ఏడిపిస్తాయి, గుండు తిరుగుతూ తిరుగుతూ ఒక్కోసారి దెబ్బ తగిలే ముఖం పక్కకి పోతుంది మరి.

ఇది ల్యాబ్ మోటారు, ఇందులో బ్యాండు మేళం లేదు అని మాత్రం మర్చిపోకండి. దీని మీద ఏదో డీప్ లెర్నింగ్ మోడల్ నడిపి 99 శాతం యాక్యురసీ అని రెజ్యూమేలో రాసుకుని వస్తారు పిల్లలు, అదే మోడల్‌ని గేర్‌బాక్సు మీద పెడితే గేరు పళ్ళ మోతని చూసి బేరింగ్ పోయింది అంటుంది.

సెన్సరు, రికార్డింగు

బేరింగుకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, లోడు పడే వైపు, మధ్యలో జాయింట్లు తక్కువ ఉండేలా పెట్టాలి. ప్రతి జాయింటూ హై ఫ్రీక్వెన్సీని మింగేస్తుంది, మనక్కావాల్సింది ఆ హై ఫ్రీక్వెన్సీయే. స్టడ్ వేసి బిగిస్తే మంచిది. మ్యాగ్నెట్‌తో పెడితే కొన్ని కిలోహెర్ట్జ్ దాటాక నమ్మలేం, పైగా హెలికాప్టర్ డొక్కు అల్యూమినియం, మ్యాగ్నెట్ పట్టే చోటే తక్కువ. చేత్తో పట్టుకుని పెట్టే ప్రోబు అయితే ఈ పనికి వద్దే వద్దు.

శాంప్లింగ్ రేటు విషయంలో గుర్తు ఏంటంటే, మీరు చూడాలనుకున్న పై ఫ్రీక్వెన్సీకి కనీసం 2.56 రెట్లు. 12 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే 4.7 కిలోహెర్ట్జ్ దాకానే ధైర్యంగా చూడొచ్చు, హెలికాప్టర్‌కి అది చాలదు, ఇంకా ఎక్కువ పెట్టుకోండి. ఎంతసేపు రికార్డు చేయాలంటే, పది సెకన్లు తీస్తే 0.1 హెర్ట్జ్ తేడా ఉన్న రెండు పీకుల్ని విడదీయగలం, ఒక సెకనే తీస్తే ఒక హెర్ట్జ్ లోపలివి కలిసిపోతాయి. స్వాష్‌ప్లేట్ లాంటిది మెయిన్ రోటర్ స్పీడులోనే తిరుగుతుంది, సెకనుకి నాలుగు చుట్లు, పది సెకన్లు తీసినా నలభై చిల్లర చుట్లే, అందుకే అక్కడ ఓపిగ్గా ఎక్కువసేపు తీయాలి.

పక్కనే టాకో (షాఫ్టు చుట్లని లెక్కపెట్టే సెన్సరు) సిగ్నల్ కూడా అదే టైమ్‌లో రికార్డు అవ్వాలి, ఇది లేకపోతే తర్వాత అడుగు పడదు. ఇంకా ముఖ్యం, ఏ పరిస్థితిలో తీశామన్నది. నేల మీద రోటర్ తిరుగుతున్నప్పుడు ఒక రకం, హోవర్‌లో ఒక రకం, నేరుగా క్రూజ్‌లో పోతున్నప్పుడు ఒక రకం, టార్క్ మారితే అన్నీ మారతాయి. నిన్న హోవర్‌లో తీసినదాన్ని ఇవాళ క్రూజ్‌లో తీసినదానితో పోల్చి "పెరిగింది" అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

నా సొంత బుద్ధి తక్కువ ఒకటి చెప్తా. ఫ్యాక్టరీ పంపుల దగ్గర్నుంచి హెలికాప్టర్ డేటాకి వచ్చిన కొత్తలో ఒక ఫైల్లో 400 హెర్ట్జ్ దగ్గర సూదిలాంటి పీకు, 800 దగ్గర ఇంకోటి, 1200 దగ్గర ఇంకోటి, ఆహా బేరింగు దొరికింది అని ఆ రోజంతా ఎక్సెల్ షీట్ వేసుకుని ఏ బేరింగుకి 400 కుదురుతుందా అని వెతికా. సాయంత్రం మా సీనియరు టీ తాగుతూ స్క్రీన్ వైపు ఒక్క చూపు చూసి "అది కరెంటు బాబూ" అన్నాడు. విమానాల్లో ఏసీ సప్లై 400 హెర్ట్జ్, ఇంట్లో 50 హెర్ట్జ్ హమ్ ఎలాగో అక్కడ అది అలాగ. పంపుల దగ్గర 50ని చూసి నవ్వి వదిలేసేవాణ్ణి, 400 చూసి మాత్రం మోసపోయా. సూదిలా సన్నగా, టార్క్ మారినా కదలకుండా, సరిగ్గా గుండ్రటి నంబరు మీద నిలబడిందంటే ముందు కరెంటునే అనుమానించండి. అలాగే కనెక్టరు లూజైనా, కేబులు సరిగ్గా కట్టకపోయినా అప్పుడొకటి ఇప్పుడొకటి పెద్ద స్పైకులొస్తాయి, కర్టోసిస్ (సిగ్నల్‌లో స్పైకులు ఎంత ఉన్నాయో చెప్పే నంబరు) ఆకాశాన్నంటుతుంది. అందుకే నేను ఏ లెక్కా వేయకముందు మొత్తం టైమ్ సిగ్నల్‌ని ఒకసారి కంటితో చూస్తా, హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటా కూడా. నవ్వకండి, లూజు కనెక్టరు పటపటలాడేది చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

మేళాన్ని బయటికి పంపడం

నేరుగా ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) తీసి 290 దగ్గర పీకు ఉందా అని చూస్తే మొదట్లో ఏమీ కనపడదు. అక్కడ గేరు పళ్ళ మోత కొండల్లా నిలబడి ఉంటుంది, మన బేరింగు చీమంత. అందుకే ముందు గేర్లని తీసేయాలి.

ఇందాక జారుడు గుర్తుపెట్టుకోమన్నా కదా, ఇక్కడే దాని అవసరం. గేరు పళ్ళు జారవు, షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు అదే మోత. బేరింగు అలా కాదు, ప్రతి చుట్టులో కాస్త ముందో వెనకో. కాబట్టి టాకో సాయంతో సిగ్నల్‌ని టైమ్ లెక్కలో కాకుండా కోణం లెక్కలోకి మార్చి, షాఫ్టు చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గేర్లది నిలబడుతుంది, బేరింగుది ఒకదానికొకటి కొట్టుకుని పోతుంది. దీన్నే టైమ్ సింక్రోనస్ యావరేజింగ్ అంటారు, టీఎస్ఏ. గేరు చూసేవాళ్ళు ఆ సగటునే దాచుకుంటారు, మనం ఉల్టా, ఆ సగటుని అసలు సిగ్నల్‌లోంచి తీసేసి మిగిలిన చెత్త ఉంచుకుంటాం, బంగారం ఆ చెత్తలోనే ఉంది. ఒక్కో స్పీడులో తిరిగే ఒక్కో షాఫ్టుకి ఇది విడివిడిగా చేయాలి, విసుగే, కానీ తప్పదు.

ఆ తర్వాత ఎన్వలప్, అంటే సిగ్నల్ ఎత్తు పెరగడం తగ్గడాన్ని మాత్రమే చూపే పైగీత. దీన్ని చాలామంది బట్టీ పట్టి చెప్తారు, అసలు సంగతి గుడి గంటలో ఉంది. గుళ్ళో గంట కొడితే దాని స్వరం దానిదే, మెల్లిగా కొట్టినా గబగబా కొట్టినా స్వరం మారదు, మారేది నిమిషానికి ఎన్నిసార్లు కొట్టారన్నదే. బేరింగ్ హౌసింగే గంట, దాని స్వరం కొన్ని కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, పెచ్చు మీద గుండు తగిలినప్పుడల్లా ఆ గంట మోగి ఆగుతుంది. మనకి గంట స్వరంతో పనిలేదు, ఎన్నిసార్లు కొట్టారో కావాలి. అందుకని గంట స్వరం ఉండే ఫ్రీక్వెన్సీ బ్యాండు మాత్రం ఫిల్టరు వేసి తీసుకుని, హిల్బర్ట్ ట్రాన్స్‌ఫామ్‌తో దాని ఎన్వలప్ తీసి, దాన్ని వర్గం చేసి, సగటు తీసేసి (ఇది చేయకపోతే సున్నా దగ్గర ఒక పెద్ద స్తంభం లేచి మిగతావన్నీ మరుగుజ్జులైపోతాయి), అప్పుడు ఎఫ్ఎఫ్‌టీ కొట్టండి. ఇందాకటి 105 ఫైలుకి 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండు తీసుకుని ఇది చేస్తే 162 దగ్గర పీకు లేచి నిలబడుతుంది, 324 దగ్గర ఇంకోటి, ఆ మొదటిసారి చూసినప్పుడు వచ్చే ఆనందం వేరు.

బ్యాండు ఎక్కడ తీసుకోవాలి అనేదే అసలు ప్రశ్న. బ్యాండు వెడల్పు కనీసం మీరు వెతికే ఫ్రీక్వెన్సీకి మూడు రెట్లైనా ఉండాలి, లేకపోతే హార్మోనిక్స్ (ఆ ఫ్రీక్వెన్సీకి రెండు రెట్లు, మూడు రెట్ల దగ్గరి పీకులు) పట్టవు. చోటు వెతకడానికి ఫ్రెంచ్ ప్రొఫెసర్ జెరోమ్ ఆంటోనీ ఇచ్చిన కర్టోగ్రామ్ అనే పద్ధతి ఉంది, రకరకాల బ్యాండుల్లో కర్టోసిస్ లెక్కేసి ఏ బ్యాండులో సిగ్నల్ ఎక్కువ టక్కుటక్కుమంటోందో రంగుల బొమ్మలో చూపిస్తుంది. చాలా మంచి పనిముట్టు, కానీ గుడ్డిగా నమ్మకండి, ఎక్కడో ఒకేఒక్క పెద్ద స్పైకు పడినా అది ఆ బ్యాండే గొప్పదని చూపించేస్తుంది. హౌసింగ్ మీద చిన్న సుత్తితో తట్టి అసలు గంట స్వరం ఎక్కడుందో ముందే తెలుసుకుని పెట్టుకున్నవాడు ఎప్పుడూ మోసపోడు.

పీకు వచ్చింది, ఇప్పుడు చదవడం

ఒక్క పీకు చూసి తీర్పు చెప్పకూడదు. హార్మోనిక్స్ రెండు మూడు ఉండాలి, లెక్కకి రెండు శాతం లోపల ఉండాలి, పక్కన సైడ్‌బ్యాండులు (పెద్ద పీకుకి అటూ ఇటూ ఉండే చిన్న పీకులు) అర్థవంతంగా ఉండాలి. లోపలి రేసు షాఫ్టుతో పాటు తిరుగుతుంటే దాని మీది పెచ్చు ఒక్కో చుట్టులో ఒకసారి లోడు కిందకి వస్తుంది, పైకి పోతుంది, అందుకే బీపీఎఫ్ఐ చుట్టూ షాఫ్టు స్పీడు దూరంలో సైడ్‌బ్యాండులు మొలుస్తాయి, మన 105 ఫైల్లో 132, 192 దగ్గర. బయటి రేసు కదలకుండా ఉంటే దాని పెచ్చు ఎప్పుడూ ఒకే లోడులో ఉంటుంది, సైడ్‌బ్యాండులు పెద్దగా ఉండవు. గుండుదైతే కేజ్ స్పీడు దూరంలో. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది, కానీ హెలికాప్టర్లో బయటి రేసే తిరిగే బేరింగులు కూడా ఉంటాయి, అక్కడ కథ తిరగబడుతుంది. అందుకని "లోపలి, బయటి" అని కాకుండా "లోడుతో పోలిస్తే కదిలేది ఏది, నిలిచేది ఏది" అని ఆలోచించడం అలవాటు చేసుకోండి.

ట్రెండు విషయంలో కూడా ఒక మెలిక. పెచ్చు లేచిన కొత్తలో అంచులు పదునుగా ఉంటాయి, టక్ టక్ గట్టిగా, కర్టోసిస్ 3 నుంచి పైకి లేస్తుంది (మంచి బేరింగుకి దాదాపు 3 ఉంటుంది). తర్వాత గుండ్లు పోయి పోయి ఆ అంచులు నలిగి నున్నబడతాయి, వైబ్రేషను తగ్గుతుంది. హమ్మయ్య తగ్గింది అనుకుంటారు, అది తగ్గడం కాదు, పుండు పైకి మానినట్టు కనపడి లోపల చీము పట్టడం. తర్వాత పెచ్చు పెద్దదై మళ్ళీ పెరుగుతుంది. చివర్లో అయితే చోటల్లా పాడై టక్కులన్నీ కలిసిపోయి ఉత్త హోరు అవుతుంది, కర్టోసిస్ మళ్ళీ 3 వైపు దిగిపోతుంది, అప్పుడు మొత్తం ఎనర్జీ అంటే ఆర్ఎంఎస్ మాత్రం పెరిగి ఉంటుంది. కాబట్టి ఒక్క నంబరు మీద అలారం పెట్టుకుని కూర్చోవద్దు, కర్టోసిస్, ఆర్ఎంఎస్, ఎన్వలప్ పీకు మూడూ ఒకే కాగితం మీద గీయండి. పెరిగి తగ్గిన బేరింగుని నేను పెరుగుతున్న బేరింగు కంటే ఎక్కువ అనుమానంగా చూస్తా.

ప్లానెట్ గేర్ల దగ్గర గర్వం తగ్గించుకోవాలి

బ్లాక్‌హాక్ మెయిన్ గేర్‌బాక్సు చివరి స్టేజీ చూడండి, మధ్యలో 62 పళ్ళ సన్ గేరు, చుట్టూ 228 పళ్ళ రింగు, ఆ రెండిటి మధ్య 83 పళ్ళ ప్లానెట్లు, వాటిని మోసే క్యారియరే రోటర్ని 4.3 హెర్ట్జ్‌లో తిప్పేది. 228ని 4.3తో గుణిస్తే 980 హెర్ట్జ్ మెష్ (గేరు పళ్ళు ఒకదానితో ఒకటి కలిసే ఫ్రీక్వెన్సీ), దాన్ని 83తో భాగిస్తే క్యారియర్‌తో పోలిస్తే ప్లానెట్ సెకనుకి 11.8 చుట్లు. మీ ఫార్ములాలో పెట్టాల్సిన స్పీడు ఈ 11.8, రోటర్ స్పీడు కాదు, సన్ స్పీడూ కాదు. కేజ్‌కి కూడా ఇక్కడ తీసేయడం బదులు కలపాలి, ఎందుకంటే తిరిగేది బయటి రేసు.

లెక్క తేలికే, వినడమే కష్టం. ప్లానెట్లన్నీ ఒకే సైజు, ఏది పాడైనా ఒకటే ఫ్రీక్వెన్సీ. పైగా పాడైన ప్లానెట్ సెన్సరు దగ్గరికి వచ్చి మళ్ళీ దూరంగా పోతుంటుంది, ఊళ్ళో బండి తిప్పుతూ కూరగాయలమ్మేవాడి కేక లాగా, మన వీధిలోకి వచ్చినప్పుడే వినపడుతుంది. ఆ దెబ్బ రోలరు దాటి, గేరు పళ్ళు దాటి, రింగు దాటి కేసింగు మీది సెన్సరుకి రావాలి.

ఇది ఉత్త థియరీ కాదు. నార్త్ సీలో చమురు రిగ్గులకి హెలికాప్టర్లు తిరిగేచోటే ఈ హెల్త్ మానిటరింగ్ సిస్టమ్, హమ్స్ అంటారు, మొదట పెద్ద ఎత్తున వచ్చింది, 1986లో షెట్లాండ్ దగ్గర చినూక్ గేరు విరిగి కూలి 45 మంది పోయాక ఆ ఆలోచన గట్టిపడింది. అదే సముద్రం మీద 2009 ఏప్రిల్ 1న సూపర్ ప్యూమా ఒకటి, రెండో స్టేజీ ప్లానెట్ గేరు పగిలి రోటరే ఊడిపోయి 16 మంది చనిపోయారు. వారం ముందు చిప్ డిటెక్టర్ మీద ఒక్క ముక్క దొరికింది, దాని అర్థం సరిగ్గా తేలలేదు, పైగా ఎపిసైక్లిక్ మాడ్యూలు (ప్లానెట్ గేర్లుండే భాగం) కింద ఉన్న మ్యాగ్నెట్ల వలయం మిగతా ముక్కల్ని అక్కడే పట్టేసి అసలు డిటెక్టర్ దాకా పోనీయకుండా చేసింది. వైబ్రేషన్ ఏమీ చెప్పలేదు. 2016 ఏప్రిల్ 29న నార్వేలో బెర్గెన్ దగ్గర ఈసీ225, మళ్ళీ రెండో స్టేజీ ప్లానెట్టే, 13 మంది. ఈ రెండింట్లోనూ ప్లానెట్ గేరు లోపలి ముఖమే బేరింగు బయటి రేసు, అంటే బేరింగులో మొదలైన చిన్న గుంట గేరులోకి పగులై పోతుంది. 2016దాంట్లో పగులు లోపల్లోపలే పాకింది, పెద్దగా పెచ్చులు రాల్చలేదు, టక్కుటక్కు మనలేదు. పెచ్చు లేకపోతే మన ఎన్వలప్‌కి వినడానికి ఏముంది చెప్పండి. అందుకే ప్లానెట్ బేరింగు మీద "వైబ్రేషన్ క్లీన్" అని ఎవరైనా రిపోర్టు రాస్తే, పక్కన చిప్ డిటెక్టర్, ఆయిల్ ఫిల్టరు సంగతి కూడా రాశారా లేదా అని నేను మొదట చూస్తా.

2018 అక్టోబర్ 27న ఇంగ్లండ్‌లో లెస్టర్ స్టేడియం నుంచి లేచిన ఏడబ్ల్యూ169 కూడా బేరింగు మీదే పోయింది, అయిదుగురు చనిపోయారు. తోక రోటర్ పిచ్ మార్చే కంట్రోల్ షాఫ్టుకీ తిరిగే భాగానికీ మధ్య ఉన్న డ్యూప్లెక్స్ (జంట) బేరింగు పాడై పట్టేసింది, తిరగకూడని షాఫ్టు తిరగడం మొదలెట్టి కంట్రోలే ఊడిపోయింది. చిన్న బేరింగు, అరచేతిలో పడుతుంది. కాబట్టి లిస్టు రాసుకునేటప్పుడు సైజు బట్టి కాకుండా, పోతే ఏమవుతుంది అన్నదాన్ని బట్టి రాసుకోండి, దాని పక్కనే "దీన్ని ఏ సెన్సరు వింటోంది" అని ఒక కాలమ్ పెట్టండి, ఆ కాలమ్‌లో ఖాళీ ఉన్నచోట మాన్యువల్ చెప్పిన చేతి తనిఖీనే మీ సెన్సరు.

బేరింగు బయటికొచ్చాక

మీ మాట మీద బేరింగు విప్పారనుకోండి, అది చెత్తబుట్టలోకి పోకుండా అడ్డుపడండి. మెకానిక్కులు విప్పగానే కిరోసిన్‌లో కడిగేస్తారు, కడగొద్దని ముందే చెప్పాలి, గ్రీజు రంగు, అందులో మెరుపులు కూడా సాక్ష్యమే. ఏ వైపు పైకి ఉందో మార్కరుతో గీత పెట్టించి, ఫోటో తీసి, తర్వాత అనుమతి తీసుకుని రేసు కోయించి చూడండి. పెచ్చు లోపలి రేసు మీద ఉందా బయటి రేసు మీద ఉందా, ఎంత పొడవు, లోడు వైపే ఉందా, మీ ఎన్వలప్ స్పెక్ట్రమ్ ఏం చెప్పింది, ఇవన్నీ ఒకే పేజీ మీద పెట్టుకోండి. ఒక్కోసారి పెచ్చేమీ ఉండదు, గ్రీజు ఎండిపోయి ఉంటుంది అంతే, లేదా తుప్పు చుక్కలుంటాయి, అప్పుడు విప్పించినందుకు నాలుగు మాటలు పడాల్సి వస్తుంది, పడండి, ఆ పేజీ కూడా దాచండి. నా దగ్గర అలాంటి పేజీల ఫైలు ఒకటి ఉంది, అందులో నేను కరెక్టుగా చెప్పినవాటి కంటే తప్పు చెప్పినవే ముందు వరసలో పెట్టుకున్నా, కొత్త డేటా ఏదైనా వస్తే దాన్ని తెరిచే ముందు వాటినొకసారి తిరగేస్తా.